అరకు వెళ్లండి, ఇద్దరే వెళ్లండి

అరకు పేరు వినని తెలుగువాళ్లు ఉండరు. సినిమా పాటల్లో ఆ లోయను చూసుంటాం, గోడ మీది క్యాలెండర్లో చూసుంటాం. నేనూ అలాగే చూశాను. మొన్న డిసెంబరులో శని, ఆదివారాలు మావారూ నేనూ అక్కడ గడిపి వచ్చాక చెబుతున్నాను: తెర మీద కనిపించేది అరకులో పావు వంతు కూడా కాదు! ఆ చలి తెర మీద తగలదు. కాఫీతోట వాసన రాదు. తెల్లవారుజామున కాళ్ల కింద మబ్బులు కదులుతుంటే పక్కనున్న మనిషి చెయ్యి పట్టుకోవాలనిపించడం అసలే ఉండదు. ఇంత అందం మన రాష్ట్రంలోనే, రాత్రి రైలెక్కితే మర్నాటికి చేరేంత దగ్గర్లో ఉంది. తెలిసిన ప్రతి జంటకీ ఫోన్ చేసి మరీ చెబుతున్నాను. ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

మాది గుంటూరు. మా ప్రయాణాలంటే తిరుపతి, అన్నవరం, లేదంటే ఎవరిదో పెళ్లి. ఎక్కడికి బయల్దేరినా వెంట పదిమంది, పులిహోర డబ్బాలు, పిల్లల గొడవ. అదీ ఆనందమే. పిల్లలు చదువులకని వెళ్లిపోయాక ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. ఇద్దరమే కలిసి ఒక ఊరు చూసి రావడం మాకిదే మొదలు. అందుకు అరకును మించిన చోటు ఇంకొకటి ఉంటుందంటే నేను నమ్మను.

ముందు రైలు గురించి చెప్పాలి. విశాఖపట్నంలో పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైలెక్కాలి. 2017లో ఈ మార్గానికి అద్దాల పెట్టె వచ్చింది. విస్టాడోమ్ అంటారు. పెద్దపెద్ద అద్దాల కిటికీలు, పైకప్పులోనూ అద్దాలు, ఎటు కావాలంటే అటు తిరిగే కుర్చీలు. శృంగవరపుకోట దాకా పొలాలూ కొబ్బరిచెట్లూ చూస్తూ హాయిగా సాగిపోతాం. బొడ్డవర దాటాక బండి కొండెక్కడం మొదలుపెడుతుంది. ఇక అక్కణ్నుంచి కుర్చీలో కుదురుగా కూర్చున్నవాళ్లు ఒక్కరూ లేరు. సొరంగం వెనక సొరంగం! ఈ లైను మొత్తం మీద యాభైకి పైనే ఉన్నాయి. చీకటి కమ్మగానే పెట్టె అంతా ఒకటే కేక, వెలుగు రాగానే ఇంకో కేక. చిన్నా పెద్దా తేడా లేదు. ఎప్పుడూ గంభీరంగా ఉండే మావారి గొంతు కూడా అందులో కలిసిపోయింది! సొరంగం దాటిన ప్రతిసారీ లోయ కొత్తగా కనిపిస్తుంది. ఒకచోట ఎక్కడో కింద వాగు, ఒకచోట ఇందాక మనం దాటొచ్చిన పట్టాలు, ఇంకోచోట కొండవాలంతా మెట్లుమెట్లుగా చదును చేసుకున్న చేలు.

1960లలో బైలడిలా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడానికి ఈ లైను వేశారు. ఇప్పటికీ ఖనిజం మోసే గూడ్సు బండ్లు ఈ దారినే తిరుగుతుంటాయి. ఇన్ని కొండలు తొలిచి, ఇన్ని లోయల మీద వంతెనలు కట్టిన ఇంజనీర్లకూ కూలీలకూ చేతులెత్తి మొక్కాలి. శిమిలిగూడ స్టేషన్ దగ్గర బోర్డు తప్పకుండా చూడండి. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తు అది. కశ్మీర్ లైను రాకముందు దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలోకీ ఎత్తైనదిగా పేరు పొందింది. అక్కణ్నుంచి కాస్త కిందికి దిగితే అరకు. స్టేషన్లో దిగగానే ముఖానికి తగిలింది చూడండి, ఆ చల్లగాలి! మిట్టమధ్యాహ్నం కావస్తున్నా శాలువా తీయబుద్ధి కాలేదు. గుంటూరు ఎండల్లో పుట్టి పెరిగిన మనిషికి అంతకంటే ఏం కావాలి?

అరకులో అందరూ గబగబా చూసే చోట్లు కొన్ని ఉన్నాయి. గిరిజన మ్యూజియం బాగుంది. పద్మాపురం తోట కూడా బాగుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి మొదలుపెట్టిన తోట అది. చాపరాయిలో విశాలమైన బండ మీద జారుతూ పారే నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చోవచ్చు. కానీ నా మనసంతా దోచుకున్నది కాఫీ. దాని గురించి తీరిగ్గా చెప్పనివ్వండి.

సుంకరమెట్ట దగ్గర కాఫీతోటలోకి వెళ్లాం. ఎండ నేల మీద పడకుండా ఆకాశానికి లేచిన సిల్వర్ ఓక్ చెట్లు. ఒక్కో చెట్టునూ చుట్టుకుని పైకి పాకిన మిరియాల తీగ. ఆ నీడలో మనిషెత్తు కాఫీ మొక్కలు. కొమ్మల పొడుగునా గుత్తులుగుత్తులుగా పళ్లు. ఒకే గుత్తిలో ఆకుపచ్చవి, పసుపువి, ఎర్రవి! అక్కడ పళ్లు కోస్తున్న ఒకావిడ నా కుతూహలం చూసి దగ్గరికి పిలిచింది. “పచ్చిది ముట్టుకోకూడదమ్మా. ఇదిగో, ఇలా ఎర్రగా పండిందే కొయ్యాలి” అంటూ ఒకటి తుంచి నా చేతిలో పెట్టింది. నొక్కితే చాలు, తొక్క చిట్లి లోపలి గింజలు బయటికొచ్చాయి. ఒక పండులో రెండు గింజలు, చదునైన వైపులు ఒకదానికొకటి ఆనించుకుని ఉన్నాయి. చుట్టూ జిగురు. నోట్లో వేసుకుంటే తియ్యగా ఉంది. కాఫీపండు తియ్యగా ఉంటుందని నాకు ఎవరు చెప్పారు! ఇన్నేళ్లుగా రోజూ తాగుతున్న కాఫీకి మొదలు ఇదా అని అలాగే నిలబడిపోయాను.

ఆవిడ ఓపిగ్గా అంతా చెప్పింది. ఒక గుత్తిలోని పళ్లన్నీ ఒకేసారి పండవు. కాబట్టి అదే మొక్క దగ్గరికి మళ్లీ మళ్లీ రావాలి, పండినవాటినే ఏరి కోయాలి. కోసినవాటిని ఎక్కువసేపు నిల్వ ఉంచకుండా యంత్రంలో వేసి తొక్క తీస్తారు. జిగురు వదిలేదాకా నాననిచ్చి కడుగుతారు. తర్వాత ఎండలో ఆరబెట్టి, అన్నివైపులా సమంగా ఎండేలా తిరగేస్తూ ఉంటారు. ఇంత పని అయ్యాకే ఆ గింజ వేయించడానికి వెళ్తుంది. నీడలో, చల్లటి కొండల మీద పండు నెమ్మదిగా ముదురుతుంది కాబట్టే గింజకు ఆ రుచి పడుతుంది.

దీని వెనక పెద్ద కథే ఉంది. పోడు కొట్టి, కొన్నేళ్లు పండించి, నేల సారం తగ్గగానే ఇంకో కొండకు మారిపోయే వ్యవసాయం ఈ కొండల్లో తరతరాలుగా ఉండేది. అడవి నిలవాలి, రైతుకూ చేతిలో నాలుగు డబ్బులు ఆడాలి అన్న ఆలోచనతో ప్రభుత్వం ఇక్కడ నీడలో పెరిగే కాఫీని ప్రోత్సహించింది. పాడేరులోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) మొక్కలిచ్చి తోటలు వేయించింది. 1956లో విశాఖలో పుట్టిన గిరిజన సహకార సంస్థ, అందరూ జీసీసీ అని పిలిచేది, పంట కొని మార్కెట్ చూపించింది. ఒకటి రెండు ఎకరాలున్న గిరిజన రైతులు పెంచిన ఈ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే, 2017లో, పారిస్ నగరంలో అరకు పేరుతోనే కాఫీ దుకాణం తెరిచారు. పారిస్‌లో మన అరకు పేరు! ఈ సంగతి తెలుసుకున్నప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

ఆ సాయంత్రం అరకు కాఫీ మ్యూజియంలో కూర్చుని కాఫీ తాగాం. నా మాట విని, పాలు కలపకముందు ఒక్క గుక్క అలాగే తాగి చూడండి. చేదు వెనక సన్నటి పులుపు, దాని వెనక నాలుక మీద చాలాసేపు నిలిచే తీపి. “ఇంకో కప్పు చెప్పనా?” అన్నారు మావారు. “చెప్పండి” అన్నాను. మేం అలా కప్పు మీద కప్పు తాగుతూ, గడియారం వైపు చూడకుండా కబుర్లు చెప్పుకుని ఎంత కాలమైందో! అటు బయట కొండల మీద చీకటి పడుతోంది, ఇటు లోపల మా మాటలు తెగడం లేదు.

రాత్రి బొంగులో చికెన్. దీన్ని వండేటప్పుడు దగ్గరే నిలబడి చూడాలి. ఉప్పు, కారం, మసాలా పట్టించిన కోడిముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతి ఆకులతో బిగించి, నిప్పుల మీద పెడతారు. చుక్క నూనె లేదు, చుక్క నీళ్లు లేవు. పచ్చి వెదురులోని తేమతోనే ముక్క ఉడుకుతుంది. అన్నివైపులా వేడి తగిలేలా బొంగును తిప్పుతూనే ఉండాలి. పైన బొంగు నల్లగా కాలి, మూతి దగ్గర ఆవిరి బుసబుసమన్నాక దించి, ఆకు మీద బోర్లిస్తారు. ఆ వాసన! పొగ, పచ్చి వెదురు, మసాలా మూడూ కలిసిన వాసన. ముక్క వేలితో తాకితే విడిపోయేంత మెత్తగా ఉంది. ఆ చలిలో మంట పక్కన నిలబడి, వేళ్లు కాలుతున్నా ఊదుకుంటూ తిన్నాం. శాకాహారులు దిగులు పడనక్కర్లేదు, చాలాచోట్ల బొంగులో బిర్యానీ కూరగాయలతోనూ చేసిస్తారు.

తెల్లవారుజామున లేవడం బద్ధకమనుకునేవాళ్లు ఆ ఒక్క రోజుకు లేవండి. చీకటి ఉండగానే మాడగడ కొండకు వెళ్లాం. రాత్రంతా చల్లబడిన గాలి లోయలోకి దిగుతుంది, అందులోని తేమ పొగమంచై అడుగున పరుచుకుంటుంది. పై నుంచి చూస్తే లోయంతా పాలసముద్రం! మధ్యమధ్య కొండ శిఖరాలు మాత్రం తేలి కనిపిస్తాయి. సూర్యుడు పైకి రాగానే ఆ తెలుపంతా బంగారు రంగుకు తిరిగింది, తర్వాత నెమ్మదిగా పాయలుపాయలుగా విడిపోయింది. కింద ఒక్కొక్క ఊరూ, ఒక్కొక్క చేనూ బయటపడ్డాయి. కొండ మీద గిరిజన మహిళలు థింసా ఆడుతున్నారు. ఒకరి నడుము వెనకగా ఒకరు చేతులు కలుపుకుని, వాద్యాల దరువుకు అందరి పాదాలూ ఒక్కసారే కదులుతుంటే చూడటానికి రెండు కళ్లు చాలవు. వాళ్లు పిలిచారు, నేనూ వరసలో చేరాను. అడుగు కలిసింది! మావారు ఫోటోలు తీయడం మానేసి చప్పట్లు కొడుతూ నిలబడ్డారు.

తిరుగు దారిలో పసుపుపచ్చని వలిసె చేలు చూశాం. నవంబరు, డిసెంబరు నెలల్లో పూసే ఈ పూలు అరకు లోయకే నగ. గింజల నుంచి నూనె తీస్తారు, పూల మీద తేనెటీగలు ముసురుతాయి. దూకుడుగా లోపలికి దూరి ఫోటోలు తీసుకుంటే పంట నలిగిపోతుంది. రైతును అడిగి, గట్టు మీద నిలబడి చూస్తేనే మర్యాద.

చివరగా బొర్రా గుహలు. సున్నపురాతి కొండను గోస్తనీ నది నీళ్లు యుగాలపాటు తొలిస్తే ఏర్పడిన గుహలివి. కింద గుహ, పైన రైలు పట్టాలు! కప్పు నుంచి కారే ఒక్కొక్క నీటిబొట్టూ వదిలే సున్నం పేరుకుని రాతిజడలు వేలాడతాయి. అవి సెంటీమీటరు పెరగడానికి తరాలు పడుతుంది. లోపల వెలసిన శివలింగానికి భక్తులు పూజలు చేస్తారు. మెట్లు ఎక్కువ, తడిగా ఉంటాయి. జారని చెప్పులు వేసుకోండి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దిగండి.

వెళ్లాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. డిసెంబరు, జనవరిల్లో రాత్రుళ్లు ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు కూడా పడిపోతుంది కాబట్టి స్వెట్టర్లు, మఫ్లర్లు తప్పనిసరి. అద్దాల పెట్టె టికెట్లూ, సీజన్లో గదులూ చాలా ముందే అయిపోతాయి. అందుకే తేదీ అనుకున్న రోజే బుక్ చేయండి. వెళ్లేటప్పుడు రైల్లో వెళ్లి, వచ్చేటప్పుడు గాలికొండ, అనంతగిరి మీదుగా రోడ్డు దారిన దిగండి, రెండు అందాలూ దక్కుతాయి. కాఫీపొడి, మిరియాలు, తేనె, పసుపు జీసీసీ దుకాణంలోనో సంతలో రైతు దగ్గరో కొనండి. గిరిజనులు ఫోటోకు సరే అన్నాకే కెమెరా ఎత్తండి. ప్లాస్టిక్ సీసాలు, కవర్లు ఏవీ కొండ మీద వదలకండి.

ముఖ్యమైన మాట ఇంకొకటి. చోట్ల జాబితా రాసుకుని ఒకదాని తర్వాత ఒకటి పరుగెత్తకండి. నాలుగు చూడాలనుకున్నచోట రెండే చూడండి, మిగిలిన సమయం ఇద్దరూ కలిసి కాఫీ తాగండి. పెళ్లై ఏడాదైనా, పాతికేళ్లైనా, ఈ చలికాలం దాటనివ్వకుండా ఒక శని, ఆదివారం ఖాళీ చేసుకోండి. ఇవాళే ఇంట్లో ఆ మాట ఎత్తండి, రాత్రికల్లా టికెట్లు తీసేయండి.