ఛాయాచిత్రంలో లేని మిత్రుడు

1974లో కర్నూలులో పదవ తరగతి ముగించిన మేము యాభై సంవత్సరాల పిదప, 2024లో తిరిగి ఒకచోట కూడాము. ఆనాడు ఉర్దూ మాధ్యమం వారికీ, తెలుగు మాధ్యమం వారికీ గదులు వేరు. డ్రిల్లు మైదానం మాత్రం ఒక్కటే. పాఠాలకన్నా ఆ మైదానమే మమ్మల్ని ఎక్కువగా కలిపినదని ఒప్పుకొనక తప్పదు.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి పట్టణాన్ని ముంచినప్పుడు మాలో పలువురి ఇండ్లలోని తరగతి ఫోటోలు నీటిపాలయ్యాయి. మిగిలిన ఒక్క ప్రతిని బల్లపై ఉంచి, కళ్ళద్దాలు సవరించుకుంటూ ముఖాలను గుర్తుపట్టసాగాము. దివంగతులైన వారి వద్ద వ్రేలు కొంచెం ఆగేది.

వెనుక నిలిచిన ఒక మిత్రుడు, "నన్ను వెదకకండిరా, నేనిందులో లేను" అన్నాడు.

అప్పుడు జ్ఞాపకం వచ్చినది. ఫోటోకు తలకు రెండేసి రూపాయలు వసూలు చేసినది మేమే. ఇవ్వలేకపోయిన అతనిని వేపచెట్టు క్రింద మా సంచులకు కాపలా ఉంచినదీ మేమే. ఏమనవలెనో తోచక తల వంచుకున్నాము.

"సంచులన్నీ సరిగా అప్పగించానా, లేదా?" అని అతడే నవ్వాడు.

సాయంకాలం క్రొత్త ఫోటో తీయించుకున్నాము. నడుమ కూర్చుండమంటే అతడు ఒప్పుకొనలేదు; వరుస చివర నిలుచున్నాడు. సంచులు మాత్రం ఎవరివి వారి చేతులలోనే ఉన్నాయి.