ఆ మైదానం ఇంతేనా?

2024 డిసెంబరులో ఒకనాటి తెల్లవారుజామున, బిలాస్‌పూర్ పట్టణంలోని దయాల్‌బంద్ నుండి ఒక కారు బయలుదేరింది. అందులో ఉన్నవారు నలుగురు: నలభై ఏడేళ్ళ ఉపాధ్యాయిని, ఆమె భర్త, పన్నెండేళ్ళ కుమారుడు, ఎనభై నాలుగేళ్ళ తండ్రి. పార్వతీపురం సమీపాన ఉన్న స్వగ్రామంలో బంధువుల పెళ్ళి. అది ముగిశాక విశాఖపట్నం దాకా వెళ్ళి తీరాలని ఆమె పట్టుబట్టింది. సముద్రం చూడాలన్న ముచ్చట కాబోలని భర్త అనుకున్నాడు. కాని ఆమె చూడదలచినది ఒక స్టేడియాన్ని.

తండ్రి గూడ్సు బండి గార్డుగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడు. బెంగాల్-నాగపూర్ రైల్వే రోజుల నుండీ ఉత్తరాంధ్ర పల్లెలను విడిచి, బ్రతుకుతెరువు కోసం బిలాస్‌పూర్, ఖరగ్‌పూర్ వంటి రైల్వే పట్టణాలకు చేరుకున్న కుటుంబాలు ఎన్నో. వారిలో ఈ కుటుంబం ఒకటి. వీధిలో హిందీ, ఇంట్లో తెలుగు. 1931లో పూర్తయిన రాయపూర్-విజయనగరం రైలుమార్గం ఇటువంటి కుటుంబాలకు పుట్టింటి దారి వంటిది. కారు ఆ మార్గాన్ని అనుసరించి సాగుతూంటే, వృద్ధుడు వెనుక సీటులో కూర్చుని ఖరియార్ రోడ్, కాంటాబాంజీ, టిట్లాగఢ్, కేసింగా అంటూ స్టేషన్ల పేర్లు ఒక్కటీ తప్పకుండా వల్లించాడు. నిన్న జరిగినది ఆయనకు గుర్తుండదు. స్టేషన్ల వరుస మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ స్టేడియం కథ ముప్పై ఆరేళ్ళ వెనుకటిది. 1988 డిసెంబరు 10న విశాఖపట్నంలోని ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో భారత, న్యూజిలాండ్ జట్ల మధ్య ఒకరోజు మ్యాచ్ జరిగింది. ఆ మైదానంలో అదే తొలి అంతర్జాతీయ ఒకరోజు పోటీ. తండ్రి పధ్నాలుగేళ్ళ కొడుకును వెంటబెట్టుకుని రైల్వే పాసు మీద వెళ్ళాడు. పదకొండేళ్ళ కూతురు తానూ వస్తానని ఏడ్చింది. "అంత జనంలో ఆడపిల్లవు నువ్వెందుకమ్మా?" అన్నాడు తండ్రి. ఆ మాటతో విషయం ముగిసింది.

ఆమె ఇంట్లో ట్రాన్సిస్టర్ ముందు కూర్చుంది. పాత రైల్వే డైరీలో గళ్ళు గీసుకుని, వ్యాఖ్యాత చెప్పే ప్రతి పరుగునూ పెన్సిలుతో వ్రాసుకుంది. కృష్ణమాచారి శ్రీకాంత్ ఆనాడు ముందు బంతితో 27 పరుగులకే 5 వికెట్లు తీశాడు. తరువాత బ్యాటుతో 70 పరుగులు చేశాడు. భారత జట్టు గెలిచింది.

తిరిగివచ్చిన అన్న ఆ మైదానాన్ని వర్ణించని రోజు లేదు. చూపు ఆననంత విశాలమట! ఆకాశాన్ని తాకే మెట్లట! శ్రీకాంత్ కొట్టిన బంతి తన పక్కనే పడిందట! ఏళ్ళు గడిచేకొద్దీ ఆమె మనసులో ఆ స్టేడియం ఇంకా పెరిగింది. ఆరేళ్ళ క్రితం అన్న కాలం చేశాడు. ఆ తరువాత ఆ మైదానాన్ని ఒక్కసారైనా కళ్ళారా చూడాలన్న కోరిక ఆమెను విడిచిపెట్టలేదు.

విజయనగరం నుండి విశాఖకు వచ్చే దారిలో మధురవాడ వద్ద ఎత్తైన దీపస్తంభాలు కనిపించాయి. "అమ్మా, ఇదేనా?" అని కుమారుడు ఉత్సాహంగా లేచి కూర్చున్నాడు. కాదు, అది కొత్త స్టేడియం. 2005 ఏప్రిల్ 5న పాకిస్తాన్ మీద మహేంద్రసింగ్ ధోనీ 148 పరుగులు చేసి దేశానికంతటికీ పరిచయమైన చోటు. "మనది ఇంకా పాతది, ఊళ్ళో ఉంది" అన్నది తల్లి. ఆ 'మనది' అన్న మాటలో కొంత గర్వం ధ్వనించింది.

ఇందిరా ప్రియదర్శిని స్టేడియం చేరేసరికి ఉదయం ఎనిమిది దాటింది. కావలివాడు అడ్డు చెప్పలేదు. నడకకు వచ్చినవారు నలుగురైదుగురు చుట్లు తిరుగుతున్నారు. ఎండకు రంగు వెలిసిన మెట్లు, అక్కడక్కడ గడ్డి, మధ్యలో ఖాళీ నేల. ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివర వినబడేటట్లుంది. ఇక్కడ చివరి అంతర్జాతీయ ఒకరోజు పోటీ 2001 ఏప్రిల్ 3న భారత, ఆస్ట్రేలియా జట్ల మధ్య జరిగింది. ఆ తరువాత పెద్ద పోటీలు మధురవాడకు తరలిపోయాయి.

"బస్, ఇత్‌నా హీ?" అన్నాడు కుర్రవాడు. ఆమె మనసులోని మాటా అదే. ఆరు వందల కిలోమీటర్లకు పైగా వచ్చినది దీనికోసమా?

మనసులో కట్టుకున్న మైదానాన్ని వెతుక్కుంటూ వెళ్ళి నిరాశ చెందినవారు లోకంలో ఆమె ఒక్కతే కాదు. 1947లో జాకీ రాబిన్సన్ తొలిసారి అడుగుపెట్టి అమెరికా బేస్‌బాల్ లీగులో వర్ణభేదపు గోడను కూల్చిన ఎబెట్స్ ఫీల్డును 1960లో పడగొట్టారు. అక్కడ నివాస భవనాలు లేచాయి. భారత టెస్టు జట్టుకు తొలి నాయకుడైన మన సి.కె. నాయుడు పుట్టిన నాగపూరులోనూ, 1969 నుండి టెస్టులు జరిగిన సివిల్ లైన్స్ మైదానాన్ని వదలి ఆట 2008లో ఊరి వెలుపలి జామ్‌ఠాకు వెళ్ళిపోయింది. ఆట ఎక్కడికైనా తరలిపోగలదు. జ్ఞాపకానికి మాత్రం పాత చిరునామాయే తెలుసు.

తండ్రిని మెల్లగా నడిపించి ఒక మెట్టు మీద కూర్చోబెట్టింది. ఆయన చాలాసేపు మైదానాన్ని చూశాడు.

"చిన్నదైపోయింది కదూ, నాన్నా?" అన్నదామె.

"అప్పుడూ ఇంతే, తల్లీ. మీ అన్న చెప్పినదంతా నిజమనుకున్నావా? ఎండ సరిగ్గా కళ్ళలో పడేది. బంతి ఎవరు వేస్తున్నారో కూడా తెలియలేదు. పక్కన ఒకాయన ట్రాన్సిస్టర్ తెచ్చాడు. చుట్టూ ఉన్న పాతికమందిమీ ఆట చూడడం మాని ఆ రేడియో విన్నాం. నువ్వు ఇంట్లో విన్నది ఏదో, మేమిక్కడ విన్నదీ అదే."

ఆమె నవ్వబోయింది. కాని తండ్రి ఇంకా ముగించలేదు.

"మీ అన్న ఊరుకున్నాడా? 'చెల్లి ఉంటే స్కోరు వ్రాసేది నాన్నా' అని నన్ను నాలుగుసార్లు పోరాడు. నిన్ను తీసుకురాకపోవడం తప్పేనమ్మా. ఆ రోజే తెలిసింది. ఇంటికి వచ్చి చెప్పడానికే నోరు రాలేదు."

ముప్పై ఆరేళ్ళుగా ఆ ఇంట్లో ఎవ్వరూ పలకని మాట అది. ఆమె సమాధానం చెప్పలేదు. తండ్రి భుజం మీద జారిన శాలువను సరిచేసి పక్కనే కూర్చుంది. నిన్నటి భోజనం గుర్తులేని మనిషికి ఈ సంగతి ఎట్లా గుర్తున్నదో అని ఆలోచించింది. బహుశా ఆయన దానిని స్టేషన్ల వరుసతో పాటే భద్రపరచుకున్నాడేమో.

కుర్రవాడు మైదానమంతా ఒక చుట్టు పరుగెత్తి, రొప్పుతూ వచ్చి వారి ముందు నిలబడ్డాడు. "అమ్మా, ఆ రోజు ఏమైంది? మొదటి నుండి చెప్పు" అన్నాడు.

డైరీ ఎప్పుడో పోయింది. అయినా ఆమె మొదలుపెట్టింది. న్యూజిలాండ్ బ్యాటింగుకు దిగడం, శ్రీకాంత్ చేతికి బంతి రావడం, ఒక్కొక్క వికెట్టూ పడడం. వృద్ధుడు కళ్ళు మూసుకుని, ఆనాడు రేడియోకు ఒగ్గినట్లే ఆమె వైపు చెవి ఒగ్గి విన్నాడు. ఒకచోట ఆమె ఆగగానే అడిగాడు:

"ఊఁ, తరువాత?"