మీటరు పెట్టగానే పడిపోయిన వోల్టేజీ

ఆ రోజు ల్యాబ్‌లో ఎక్స్‌పరిమెంట్ చూసి నవ్వొచ్చింది. 10 వోల్టుల సప్లై, సిరీస్‌లో రెండు 1 మెగా ఓమ్ రెసిస్టర్లు, మధ్యలో వోల్టేజీ కొలవాలి. సగానికి సగం, 5 వోల్టులు. ఇంటర్ పిల్లాడైనా చెప్తాడు.

ముల్లు మీటరు పెట్టాను. 1.4 చూపించింది!

రెసిస్టర్లు మార్చాను, బ్రెడ్‌బోర్డు మార్చాను. మళ్ళీ అదే. పక్క బెంచీ వాళ్ళు రికార్డులో హాయిగా 5 రాసేసుకున్నారు. నేనూ పెన్ను తీశాను. సరిగ్గా అప్పుడే సార్ వచ్చి వెనక నిలబడ్డారు.

"ఏం బాబూ, ఎంత చూపిస్తోంది?"

"1.4 సార్. మీటరు పాడైనట్టుంది."

"మీటరు అబద్ధం చెప్పట్లేదు. నువ్వు దాన్ని పెట్టాక అక్కడ నిజంగా ఉన్నది అంతే. డయల్ మీద ఏం రాసుందో చదువు."

20 కిలో ఓమ్స్ పర్ వోల్ట్. అంటే 10 వోల్టుల రేంజిలో మీటరు రెసిస్టెన్స్ 200 కిలో ఓమ్‌లు. అది కింది రెసిస్టర్‌కి ప్యారలల్‌గా చేరితే మిగిలేది సుమారు 167 కిలో ఓమ్‌లు. లెక్కేస్తే 1.43 వోల్టులు! 10 మెగా ఓమ్‌ల డిజిటల్ మీటరు పెడితే 4.76 వచ్చింది. మధ్యలో ఎఫ్ఈటీ ఇన్‌పుట్ ఆప్-ఆంప్‌ని వోల్టేజ్ ఫాలోయర్‌గా పెట్టాక, అదే ముల్లు 5 దగ్గరికొచ్చి ఆగింది. మీటరుకి కావాల్సిన కరెంటు ఆప్-ఆంప్ తన సప్లై నుంచి ఇస్తుంది, సర్క్యూట్ నుంచి దాదాపు ఏమీ లాగదు.

"అదే మీటరు మంచి బ్యాటరీకి పెట్టు, ఏ తేడా రాదు. ఇంపెడెన్స్ ఎక్కువున్న చోటే జాగ్రత్తగా కొలవాలి" అన్నారు సార్.

నాకు మా రూమ్మేట్ గుర్తొచ్చాడు. రిజల్ట్స్ వచ్చిన రోజు మెస్‌లో అందరి ముందు "ఎన్ని పోయాయిరా?" అని అరిచాను. "అన్నీ పాసే" అన్నాడు. తర్వాత నిజం తెలిసి, వాడొట్టి అబద్ధాలకోరని నలుగురికీ చెప్పింది కూడా నేనే.

ఆ రాత్రి రెండు టీలు పట్టుకుని హాస్టల్ మేడ మీదకెళ్ళాను. వాడక్కడే ఉన్నాడు. ఏమీ అడగలేదు. మెస్‌లో అలా అరిచినందుకు సారీ చెప్పి పక్కన కూర్చున్నానంతే. టీ చల్లారిపోయింది. చాలాసేపటికి వాడే అన్నాడు.

"మూడు పోయాయిరా. అమ్మ గాజులు తాకట్టు పెట్టి ఫీజు కట్టింది. ఎలా చెప్పను?"

నా దగ్గర సమాధానం లేదు. వాడు ఫోన్ తీసి అమ్మకి చేసేదాకా పక్కనే ఉన్నాను.

రికార్డులో 1.43 అనే రాశాను, పక్కనే మీటరు రెసిస్టెన్స్ కూడా వేశాను. రేపు సప్లీ ఫీజుకి ఆఖరు రోజు. ఇద్దరం కలిసే వెళ్తున్నాం.