వెండి ఫోర్కుల పక్కన వెదురు బుట్ట

లావోస్ దేశంలో, మెకాంగ్, నామ్ ఖాన్ నదులు కలిసేచోట లువాంగ్ ప్రబాంగ్ అనే చిన్న ఊరుంది. ఒకప్పుడు రాజులుండే ఊరు. 1893 నుంచి 1953 దాకా ఫ్రెంచివాళ్ళ పెత్తనంలో ఉండడంతో బౌద్ధారామాల పక్కనే చెక్క తలుపుల ఫ్రెంచి మేడలు కనిపిస్తాయి. 1995లో యునెస్కో ఈ ఊరిని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. అలాంటి పాత మేడలు కొన్నింటిలో ఇప్పుడు ఫ్రెంచి, లావో వంటలు రెండూ వడ్డించే ఖరీదైన రెస్టారెంట్లు నడుస్తున్నాయి.

అటు వెళ్తే ఒక్కపూటైనా అక్కడ భోంచెయ్యండి. తెల్లటి టేబుల్ గుడ్డ, ప్లేటుకి అటూ ఇటూ బారులు తీరిన కత్తులూ ఫోర్కులూ చూసి "అమ్మో, మనవల్ల కాదు" అనుకోకండి. ఫ్రెంచి వంటకాలకి అవి కావాలి, నిజమే. కానీ లావో వంటకాలు చెప్పారనుకోండి, ముందుగా మూతున్న చిన్న వెదురు బుట్ట వస్తుంది. అందులో ఖావ్ నియావ్, అంటే జిగురు బియ్యపు అన్నం. బియ్యాన్ని గంటలకొద్దీ నానబెట్టి, మన ఇడ్లీల్లాగే ఆవిరి మీద వండుతారు. గంజి వార్చే పనే లేదు. దీన్ని చేత్తోనే తినాలి! చిన్న ఉండచేసి కూరలో అద్దుకోవడమే. మా పక్క టేబుల్ దొరగారు ఫోర్కుతో ఆ ముద్దని పొడుస్తూ అవస్థ పడుతుంటే, మా అత్తగారు మూడు వేళ్ళతో హాయిగా కానిచ్చేశారు.

అయితే ఆవిడ శాకాహారి. అసలు చిక్కంతా అక్కడే! లావో వంటల్లో చాలావాటికి రుచి పా దేక్ వల్లే వస్తుంది. అది ఊరబెట్టిన చేప. కార్డులో 'కూరగాయలు' అని రాసినా ఒక చెంచా పడి ఉండొచ్చు. ఫ్రెంచి సూపుల్ని కూడా నమ్మడానికి లేదు, వాటికి మాంసం, ఎముకలు మరిగించిన నీళ్ళు వాడడం మామూలే. అందుకని మాంసం వద్దంటే చాలదు, "చేప సాస్, పా దేక్, ఎముకల నీళ్ళు కూడా వద్దు" అని విడిగా చెప్పండి. వాళ్ళ భాషలో శాకాహారానికి "కిన్ జే" అంటారు. రెండుసార్లు చెప్పినా తప్పులేదు సుమా.

మాకు బాగా నచ్చింది ఖై పెన్. నదిలో పెరిగే నాచుని పలచగా పరిచి, నువ్వులు, వెల్లుల్లి, టమాటా ముక్కలు అద్ది ఎండబెడతారు. వేయిస్తే కరకరలాడుతుంది, మన అప్పడాలకి చుట్టమే! దాంతో ఇచ్చే మిరపకాయ నూరుడు మాత్రం శాకాహారులు ముట్టకండి. జేవ్ బాంగ్ అంటారు, అందులో గేదె తోలు వేస్తారు. ఓర్ లామ్ అనే కూరలో మిరియం జాతి తీగ కాడ ముక్కలుంటాయి. మునక్కాడలాగే నమిలి పిప్పి ఊసెయ్యాలి, నాలుక కాస్త చిమచిమలాడుతుంది. దీంట్లో సాధారణంగా మాంసమే వేస్తారు. కూరగాయలతో చేసి పెడతారేమో అడగండి.

ఫ్రెంచి సాసులు నాకంతగా రుచించలేదు, వెన్న ఎక్కువ. ఫ్రెంచి రొట్టె మాత్రం ఊరంతా దొరుకుతుంది, దానికోసం ఇంత ఖర్చు అక్కర్లేదు.

పుట్టగొడుగుల లాప్ మనింట్లోనూ చేసుకోవచ్చు. రెండు చెంచాల బియ్యం నూనె లేకుండా ఎర్రగా వేయించి, బరకగా పొడిచెయ్యండి. ఉడికించి తరిగిన పుట్టగొడుగుల్లో ఆ పొడి, పుదీనా, ఉల్లికాడలు, ఎండుమిరప పొడి, ఉప్పు, నిమ్మరసం కలపండి. పొడి చివర్లో వెయ్యండి, ముందే వేస్తే నానిపోయి కరకర పోతుంది.