పన్నెండో నంబరు

మనిషికొక మక్కువ. ఒకరికి ఒక రంగు, మరొకరికి ఒక రాగం, ఇంకొకరికి ఒక ఊరు. నాకు చిన్ననాటి నుండి ఒక సంఖ్య మీద మక్కువ. ఈ మాట చెప్పగానే మిత్రులు చిరునవ్వు నవ్వి, "ఏడు వందల ఎనభై ఆరే కదా!" అంటారు. వారి తప్పు లేదు. 'బిస్మిల్లా' వాక్యంలోని అక్షరాలకు అబ్జద్ లెక్క ప్రకారం విలువ కట్టి కూడితే 786 వస్తుందని మన ఇళ్ళలో పసిపిల్లలు కూడా చెబుతారు. 1975లో వచ్చిన 'దీవార్' చిత్రంలో అమితాబ్ బచ్చన్ దగ్గర ఉండే 786 బిళ్ళ ఆ సంఖ్యను మసీదు గడప తెలియని వారి వద్దకు కూడా చేర్చింది. ఆ సంఖ్య అంటే నాకు గౌరవం. కాని గౌరవం వేరు, మక్కువ వేరు. నా మక్కువ పన్నెండు మీద.

ఆ మక్కువకు బీజం పడినది నెల్లూరులో. నాకు ఆరేడేళ్ళ వయసులో, మొహర్రం రోజులలో, మా దాదీ నన్ను మనుబోలులో బస్సు ఎక్కించి బారాషహీద్ దర్గాకు తీసుకొని వెళ్ళింది. 'బారా' అంటే పన్నెండు; 'షహీద్' అంటే ధర్మం కోసం ప్రాణం ఇచ్చినవాడు. గండవరం దగ్గర జరిగిన యుద్ధంలో నేలకొరిగిన పన్నెండు మంది వీరులను వారి గుర్రాలే స్వర్ణాల చెరువు గట్టుకు మోసుకొని వచ్చాయనీ, అక్కడే వారిని ఖననం చేశారనీ పెద్దలు చెప్పే గాథ. ఆ జనసమ్మర్దంలో దాదీ నా చేయి వదలకుండా, "లెక్కపెట్టు బేటా, ఎంతమంది ఉన్నారో చూడు" అన్నది. నేను వేలు చూపిస్తూ లెక్కపెట్టి, "పదకొండు" అన్నాను. ఆమె నవ్వలేదు. "ఒకరిని మరచిపోయావు. మళ్ళీ లెక్కపెట్టు" అన్నది. రెండవసారి పన్నెండు వచ్చింది. ఆనాటి నుండి పన్నెండు నా సంఖ్య అయినది.

అక్కడి రొట్టెల పండుగ మన పాఠకులకు తెలియనిది కాదు. చెరువు నీళ్ళలో నిలబడి, కోరిక ఉన్నవారు రొట్టె పట్టుకుంటారు; కోరిక తీరినవారు మరుసటి ఏడు రొట్టె తెచ్చి, అదే కోరికతో వచ్చిన మరొకరికి ఇస్తారు. విద్యా రొట్టె, ఉద్యోగ రొట్టె, ఆరోగ్య రొట్టె, సంతాన రొట్టె - ఏ కోరికకు ఆ రొట్టె. ఇచ్చేవారిది ఏ మతమని పుచ్చుకునేవారు అడగరు. ఆ రోజు దాదీ నా పేరిట విద్యా రొట్టె పట్టుకున్నది. నేను ఎం.ఏ. పూర్తిచేసిన ఏడు ఆ రొట్టె తిరిగి ఇవ్వడానికి ఆమె లేదు. నేనే ఇచ్చి వచ్చాను.

దాదీ చదువుకోలేదు. ఆమె లెక్క అంతా వేళ్ళ మీదనే. బొటనవేలు మినహా నాలుగు వేళ్ళు, వేలికి మూడు కణుపులు. బొటనవేలితో ఒక్కొక్క కణుపును తాకుతూ పోతే ఒక చేతికి పన్నెండు. నమాజు తరువాత ఆమె జిక్రు చేసుకున్నా, సంతలో జామకాయలు ఎంచినా ఆ కణుపుల మీదనే. డజను లెక్క మనుషులలో అంతగా పాతుకొనిపోవడానికి ఈ కణుపులు కూడా ఒక కారణమని చెప్పేవారున్నారు. పది కంటె పన్నెండుకు మరొక సుళువు ఉన్నది. పదిని రెండుగా, ఐదుగా మాత్రమే పంచగలం. పన్నెండును రెండుగా, మూడుగా, నాలుగుగా, ఆరుగా కూడా సమంగా పంచవచ్చు. ముగ్గురు పిల్లలున్న తల్లికి పది అరటిపళ్ళతో తగవు. పన్నెండు పళ్ళతో శాంతి. అందుకే కాబోలు అరటిపళ్ళు, గాజులు, గుడ్లు డజన్లలో అమ్ముతారు. అడుగుకు పన్నెండు అంగుళాలు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేవరకు అణాకు పన్నెండు దమ్మిడీలు. గడియారం ముఖం సంగతి చెప్పనక్కరలేదు.

పెరిగి పెద్దవాడనైన కొద్దీ ఎటు చూచినా పన్నెండే కనబడసాగింది. పవిత్ర ఖురాన్‌లో మాసాల సంఖ్య పన్నెండు అని ఉన్నది. పన్నెండవ సూరా యూసుఫ్ ప్రవక్తది; ఆయన యాకూబ్ ప్రవక్త పన్నెండు మంది కుమారులలో ఒకరు. 'లా ఇలాహ ఇల్లల్లాహ్' అరబ్బీ లిపిలో పన్నెండు అక్షరాలు. 'ముహమ్మదుర్ రసూలుల్లాహ్' కూడా పన్నెండే. రబీఉల్ అవ్వల్ మాసం పన్నెండవ తేదీని మన వైపు పెద్దలు 'బారా వఫాత్' అనే పిలిచేవారు. వీటన్నింటి కంటె నాకు ఇష్టమైనది మూసా ప్రవక్త ఘట్టం. దాహంతో అలమటించే ప్రజల కోసం ఆయన చేతికర్రతో బండను కొడితే పన్నెండు ఊటలు ఉబికినవి. పన్నెండు తెగలు, ఏ తెగ నీరు ఏదో ఆ తెగకు తెలిసినది. ఒక్క ఊట తగ్గినా ఒక తెగ దాహంతో ఉండిపోయేది కదా అని నా ఊహ.

తెలుగు వాకిటిలోకి వస్తే, పన్నెండేళ్ళ కాలానికి మనకు ప్రత్యేకంగా ఒక పేరే ఉన్నది - పుష్కరం. దాని వెనుక ఉన్నది ఆకాశపు లెక్క. బృహస్పతి సూర్యుని చుట్టి రావడానికి పన్నెండేళ్ళకు కొంచెం తక్కువ పడుతుంది, రాశులు పన్నెండు, ఏడాదికి సుమారు ఒక రాశి చొప్పున ఆ గ్రహం నడుస్తుంటే, రాశికొక నదికి పండుగ వస్తుంది. ఆళ్వారులు పన్నెండు మంది. జ్యోతిర్లింగాలు పన్నెండు, అందులో ఒకటి మన శ్రీశైలంలో ఉన్నది. సప్తస్వరాలకు స్వరస్థానాలు పన్నెండు. తెలంగాణలో పన్నెండు మెట్ల కిన్నెర వాయించి పాటలు చెప్పే దర్శనం మొగులయ్యగారిని 2022లో పద్మశ్రీ వరించినప్పుడు, నా సొంత బంధువుకు వచ్చినంత సంబరపడ్డాను.

తెలుగు చెప్పుకొని బ్రతుకుతున్నవాడిని కనుక తిక్కనను తలచుకోకుండా ఉండలేను. నన్నయ అరణ్యపర్వం మధ్యలో విడిచిన భారతాన్ని అందుకొని, నెల్లూరి తిక్కన విరాటపర్వం మొదలు చివరి వరకు పదిహేను పర్వాలు రచించాడు. పాండవుల అరణ్యవాసం పన్నెండేళ్ళు. అవి ముగిసిన చోట మా పెన్నాతీరపు కవి గంటం కదిలినది. అడవిలో గడచిన పన్నెండేళ్ళు ఒక ఎత్తు. తిరిగి మనుషుల మధ్యకు, పేరు మార్చుకొని, పని వెతుక్కుంటూ రావడం మరొక ఎత్తు. తిక్కన పట్టుకున్నది ఆ రెండవ దానిని.

ఇక ఆటలు. 2007 సెప్టెంబరు 19న డర్బన్‌లో ఇంగ్లండ్ మీద యువరాజ్ సింగ్ ఒకే ఓవరులో ఆరు సిక్సర్లు కొట్టిన రాత్రి నేను మనుబోలులో, ఒక టీ కొట్టు ముందర, కొన్ని పదుల మంది మధ్య నిలబడి చూచాను. అతని అర్ధశతకం పన్నెండు బంతులలో పూర్తయినది. అతని చొక్కా మీద ఉన్నది పన్నెండు. పుట్టినది 1981 డిసెంబరు 12న. నా ఆనందం ఊహించండి! అంతర్జాతీయ ట్వంటీ-20లో ఆ రికార్డు 2023 వరకు నిలిచినది. ఆసియా క్రీడలలో నేపాల్ ఆటగాడు దీపేంద్ర సింగ్ ఐరీ తొమ్మిది బంతులలో దానిని దాటాడు. ఆ రోజు నాకు కొంచెం దిగులు వేసిన మాట కూడా దాచను.

కాని క్రికెట్‌లో అసలు పన్నెండు యువరాజుది కాదు, పన్నెండవ ఆటగాడిది. చదువుకునే రోజులలో కళాశాల జట్టుకు నేనే ఆ పన్నెండవవాడిని. రెండేళ్ళు నీళ్ళు మోశాను, చేతి తొడుగులు అందించాను. ఎవరికైనా దెబ్బ తగిలితే మైదానంలో నిలబడవచ్చు; బ్యాటు పట్టరాదు, బంతి వేయరాదు. 1983లో అహ్మదాబాదులో వెస్టిండీస్‌తో జరిగిన టెస్టులో గురుశరణ్ సింగ్ అలా ప్రత్యామ్నాయంగా దిగి నాలుగు క్యాచ్‌లు పట్టాడు. జట్టు పదకొండుగురిలో ఒకడుగా అతడు ఆడిన టెస్టు ఒక్కటే, అదీ 1990లో. 2019లో నిబంధన మారినది. తలకు దెబ్బ తగిలినవాడి స్థానంలో వచ్చినవాడు పూర్తిగా ఆడవచ్చు. ఆ ఏడు లార్డ్స్‌లో స్టీవ్ స్మిత్ బదులు వచ్చిన మార్నస్ లబుషేన్ 59 పరుగులు చేశాడు. పిలుపు వస్తే పన్నెండవవాడు ఏమి చేయగలడో లోకం చూచినది. మన కబడ్డీలో కూడా జట్టుకు పన్నెండు మంది వరకు ఉంటారు. బరిలో ఉండేది ఏడుగురే. మిగిలినవారు గీత బయట కూర్చొని పిలుపు కోసం చూస్తారు.

ఇవన్నీ నేను ఒక నోటుపుస్తకంలో వ్రాసుకునేవాడిని. చంద్రుని మీద నడచినవారు పన్నెండు మంది - వ్రాసుకున్నాను. నీలకురింజి పన్నెండేళ్ళకొకసారి పూస్తుంది - వ్రాసుకున్నాను. తరగతిలో కూడా తరచు చెప్పేవాడిని. అయితే ఒక సత్యం ఒప్పుకోవాలి. ఏడు మీద మక్కువ ఉన్నవాడు ఏడు రోజులు, ఏడు స్వరాలు, ఏడుకొండలు, ఏడు ఆకాశాలు చూపిస్తాడు. ఐదు మీద మక్కువ ఉన్నవాడు ఐదు పూటల నమాజు, పంచభూతాలు, పంచపాండవులు చూపిస్తాడు. గొప్పతనం సంఖ్యలో లేదు. వెదికే కంటిలో ఉన్నది. వెదికే కంటికి వెదికినదే కనబడుతుంది. వెదకనిది ఎదురుగా ఉన్నా కనబడదు.

ఈ రెండవ మాట నాకు ఎవరూ చెప్పలేదు, అనుభవం నేర్పినది. ఒక రోజు తరగతిలో నా నోటుపుస్తకం సంగతులు చెబుతుండగా, వెనుక వరుస నుండి ఒక విద్యార్థి లేచి, "సార్, మన క్లాసులో పన్నెండో నంబరు కనబడడం లేదు. అది కూడా వ్రాసుకోండి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, హాజరు పట్టిక తెరిచాను. పన్నెండవ వరుసలో, దసరా సెలవుల తరువాత, ఇరవై మూడు గైర్హాజరు గుర్తులు. ఇరవై మూడూ నేను నా చేతితో పెట్టినవే. ప్రతి ఉదయం "పన్నెండు" అని పిలిచాను, జవాబు రాలేదు, గుర్తు పెట్టి "పదమూడు" అన్నాను. చంద్రుని మీది పన్నెండు మందిని లెక్కపెట్టినవాడిని, నా ఎదుట ఉన్న బెంచీ మీది పన్నెండవవాడిని మరచిపోయాను. దాదీ గొంతు చెవిలో వినబడినది: మళ్ళీ లెక్కపెట్టు.

ఆ ఆదివారం సముద్రం వైపున్న వారి పల్లెకు వెళ్ళాను. తండ్రి నడుము పడిపోయి మంచం మీద ఉన్నాడు. వైద్యానికి రొయ్యల గుంటల ఆసామి వద్ద అడ్వాన్సు తీసుకున్నారు. అది తీరేవరకు కుర్రవాడు రాత్రంతా గుంట గట్టు మీద కాపలా, పగలు మేత చల్లడం. "చదువు ఎక్కడికి పోతుంది సారూ, ముందు ఈ అప్పు తీరాలి కదా" అన్నది తల్లి. నా దగ్గర జవాబు లేదు. కుర్రవాడు నన్ను గట్టు దాటించడానికి కొంత దూరం వచ్చాడు. "ఇన్నాళ్ళు ఒక్క మాటైనా చెప్పలేదేమి బాబూ?" అని అడిగాను. తల వంచుకొని, "కాలేజీ నుంచి ఎవరూ అడగలేదు సార్. నా పేరు కొట్టేసి ఉంటారనుకున్నాను" అన్నాడు.

ఆ మాట నన్ను చాలా కాలం నిద్రపోనివ్వలేదు. మేము ఎవరి పేరూ కొట్టివేయలేదు. పట్టికలో అతని పేరు భద్రంగానే ఉన్నది. కాని పేరు ఉండడం వేరు, పిలుపు అందడం వేరు అని ఆ రోజు గ్రహించాను. సహోపాధ్యాయులం కొందరం కలిసి పరీక్ష రుసుము కట్టాము. అప్పు మాత్రం మేము తీర్చగలిగినది కాదు. ఆసామితో మాట్లాడగా వారానికి రెండు రోజులు పగటి పని తప్పించాడు.

కళాశాల కమిటీ పెద్దలకు ఈ సందర్భంలో ఒక మనవి. ఏ విద్యార్థి అయినా వరుసగా ఆరు రోజులు రాకపోతే, ఏడవ రోజున మాలో ఒకరు ఆ ఇంటికి వెళ్ళే ఏర్పాటు చేయండి. బస్సు ఖర్చు తప్ప దీనికి నిధులు అక్కరలేదు. విద్యార్థినీ విద్యార్థులారా, మీకు కూడా ఒక మాట. మీ పక్క స్థలం ఖాళీగా ఉంటే ఎందుకో అడగండి. ఆ రోజు నన్ను ఎగతాళి చేసిన విద్యార్థి, నిజానికి నాకంటె ముందు లెక్కపెట్టినవాడు. అతనికి ఈ పత్రిక ద్వారా కృతజ్ఞత చెప్పుకుంటున్నాను.

మొన్న మొహర్రానికి మళ్ళీ స్వర్ణాల చెరువుకు వెళ్ళాను. ఒకసారి తీసుకున్నదీ, తిరిగి ఇచ్చినదీ అయిపోయినది కనుక విద్యా రొట్టెతో నాకు పని లేదనుకున్నాను. అయినా మోకాటి లోతు నీళ్ళలోకి దిగి, "విద్యా రొట్టె" అని పిలుస్తున్న ఒక పెద్దావిడ ముందు కొంగు లేని నేను చేతిరుమాలు పట్టాను. కూతురు నర్సు చదువు పూర్తిచేసినదని ఆమె సంతోషంగా చెప్పినది. "మీ బిడ్డకా నాయనా?" అని అడిగినది. "అవునమ్మా" అన్నాను.

పన్నెండో నంబరు ఇప్పుడు రోజూ రాడు. వచ్చిన రోజున వెనుక బెంచీ నుండి నిద్ర చాలని గొంతుతో "ప్రజెంట్ సార్" అంటాడు. ఆ రొట్టె తిరిగి ఇవ్వవలసిన అప్పు ఇంకా నా మీదనే ఉన్నది.