మిన్నెసోటా మైదానాల్లో ఆగస్టు

"మావయ్యా, వైకింగ్స్ ఆటకు టికెట్లు తీస్తానంటే వద్దంటావు. ఇంకా సీజనే మొదలవని కాలేజీలకు పోదామంటావు. అక్కడేం ఉంటుంది చూడ్డానికి?" అని మా అక్క కొడుకు కారెక్కేదాకా సణుగుతూనే ఉన్నాడు. వాడుండేది మినియాపోలిస్ శివారులో. వైకింగ్స్ అక్కడి ప్రొఫెషనల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు. ఏళ్ల తరబడి పత్రికలో క్రీడల పేజీ దిద్దినవాణ్ణి నేను. మ్యాచి ఎవరైనా చూస్తారు. ఎవరు ఆడతారో, ఎవరు బెంచి మీద కూర్చుంటారో ఇంకా తేలని జట్టును చూడ్డంలో ఉండే రుచి వేరని వాడికెలా చెప్పను?

మిన్నెసోటాలోని చిన్న ప్రైవేటు కాలేజీలు కలిసి 1920లో ఒక కాన్ఫరెన్స్ పెట్టుకున్నాయి. అందరూ దాన్ని 'మయాక్' అంటారు. అమెరికా కాలేజీ క్రీడల్లో ఇది మూడో శ్రేణి. ఈ శ్రేణిలో ఆడినందుకు స్కాలర్‌షిప్ ఇవ్వకూడదు. చదువు ఖర్చేమో చాలాచోట్ల కాగితం మీద ఏడాదికి యాభై వేల డాలర్లు దాటుతుంది. అయినా ఆగస్టు నడిమికల్లా, క్లాసులు తెరవకముందే, ఒక్కో కాలేజీకి ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్లు పదుల కొద్దీ పెట్టెబేడా సర్దుకుని దిగిపోతారు.

ముందు దక్షిణానికి, నార్త్‌ఫీల్డ్‌కు వెళ్లాం. దారి పొడుగునా మొక్కజొన్న, సోయా చేలు. ఇరవై వేల జనాభా ఉన్న ఊళ్లో కానన్ నదికి ఇటొకటి, అటొకటి రెండు కాలేజీలు: కార్ల్‌టన్, సెయింట్ ఓలాఫ్. 1876లో జెస్సీ జేమ్స్ ముఠా ఇక్కడి బ్యాంకును దోచుకోబోయి ఊరివాళ్ల తుపాకులకు చిక్కింది. ఊరు దాన్ని ఈనాటికీ గర్వంగా చెప్పుకుంటుంది. నన్ను ఆకట్టుకున్నది మాత్రం 1977 నాటి ముచ్చట. అమెరికా మెట్రిక్ కొలతల్లోకి మారుతుందని అందరూ అనుకుంటున్న రోజులవి. ఈ రెండు కాలేజీలూ గజాలు వదిలేసి మీటర్లలో గీసిన మైదానంలో ఆడి, దానికి 'లీటర్ బౌల్' అని పేరు పెట్టాయి. సెయింట్ ఓలాఫ్ 43-0తో గెలిచింది. దేశం మాత్రం గజాల్లోనే ఉండిపోయింది.

గుట్ట మీద సెయింట్ ఓలాఫ్ మైదానం పక్కన నిలబడ్డాం. కుర్రాళ్లు నిక్కర్లు, బనియన్లతో, తలకు హెల్మెట్‌తో పరిగెడుతున్నారు. భుజాల రక్షణ తొడుగులు లేవు. ఎందుకని అడిగితే, పక్కన నీడలో కుర్చీ వేసుకున్న ఓ తండ్రి చెప్పాడు: మొదట హెల్మెట్ మాత్రమే, తర్వాత భుజాల ప్యాడ్లు, ఆపైనే పూర్తి కవచం. ఒళ్లు ఎండకు అలవాటు పడేదాకా అంతే. మంచుకు పేరుపడ్డ రాష్ట్రంలో ఎండ భయమేమిటని మనకు అనిపిస్తుంది. కానీ ఇక్కడి ఆగస్టు ఉక్క విజయవాడ వాణ్ణైన నన్ను కూడా ఉతికి ఆరేసింది. పైగా ఆ భయం వెనక ఒక చావు ఉంది. 2001లో ఇక్కడికి దగ్గర్లోని మాన్‌కేటోలో, వైకింగ్స్ శిక్షణ శిబిరంలో కోరీ స్ట్రింగర్ అనే ఆటగాడు వడదెబ్బకు కూలిపోయి, ఆగస్టు 1న కన్నుమూశాడు. వయసు 27. కాలేజీలకు ఈ మెట్ల పద్ధతి నిబంధనగా వచ్చింది 2003లో. మన దగ్గర మండుటెండలో పిల్లలచేత మైదానం చుట్టూ రౌండ్లు కొట్టించే పీఈటీ మాస్టార్లు ఈ సంగతి ఒక్కసారి చదవాలి.

మర్నాడు పొద్దున్నే వాయవ్యంగా బయలుదేరాం. దారిలో మేపుల్ గ్రోవ్ హిందూ దేవాలయంలో దర్శనం చేసుకున్నాం. అక్కడ తెలుగు మాటలు వినబడుతుంటే మా వాడి ముఖం వికసించింది. ఆ తర్వాత కాలేజ్‌విల్. అక్కడో క్రైస్తవ సన్యాసుల మఠం, వాళ్ల కాలేజీ సెయింట్ జాన్స్. దాని చుట్టూ అడవి, వెనక సరస్సు, ముందు మార్సెల్ బ్రాయర్ కట్టిన కాంక్రీటు చర్చి. అడవి నడుమ సహజంగా ఏర్పడిన పల్లంలో సెయింట్ జాన్స్ స్టేడియం ఉంది. నేను ఇంత దూరం వచ్చింది దీనికోసమే.

జాన్ గాలియార్డీ 1953లో ఇక్కడ కోచ్‌గా చేరి 2012 దాకా ఉన్నాడు. కెరీర్ మొత్తమ్మీద 489 విజయాలు. కాలేజీ ఫుట్‌బాల్ చరిత్రలో ఏ కోచ్‌కూ అన్ని లేవు. నాలుగు జాతీయ టైటిళ్లు కూడా గెలిచాడు. వింత అది కాదు, ఆయన సాధన పద్ధతి. ప్రాక్టీసులో ఒకర్నొకరు నేలకు పడేయకూడదు. ఈలలు లేవు, కసరత్తులు లేవు, గంటన్నర దాటదు. దోమలు ఎక్కువైతే ఆ రోజుకు ఇంటికే. తనను 'కోచ్' అనకూడదు, జాన్ అని పిలవాలి. కుర్రాడిగా ఉన్నప్పుడు వాళ్ల కోచ్ ప్రాక్టీసులో నీళ్లు తాగనిచ్చేవాడు కాదట. ఆ కోచ్‌ను యుద్ధానికి పిలిచారు. పదహారేళ్ల జాన్ చేతికి జట్టు వచ్చింది. నీళ్లు తాగనిచ్చాడు, గెలిచాడు. ఆ తర్వాత పనికిరానిదని తోచిన ప్రతిదాన్నీ ఒక్కొక్కటిగా తీసేస్తూ పోయాడు. ఆయన 2018లో పోయాడు. నేను చూసినంతసేపూ ఆ పల్లంలో ఎవరూ ఎవర్నీ పడగొట్టలేదు. ఎత్తుగడ మొదలవడం, పాదాలు కదలడం, ఆగడం, అందరూ కలిసి వెనక్కి నడవడం, మళ్లీ అదే. చూసేవాడికి ఓపిక ఉండాలి. మా వాడు ఫోను తీశాడు.

అంతా సాధుత్వమే అనుకోవద్దు. 2017లో సెయింట్ థామస్ అనే జట్టు సెయింట్ ఓలాఫ్‌ను 97-0తో చిత్తు చేసింది. 2019లో, ఇంత అంతరం భరించలేమంటూ, తనను స్థాపించిన కాలేజీల్లో ఒకటైన సెయింట్ థామస్‌నే మయాక్ బయటికి పంపించింది. 2021లో అది నేరుగా మొదటి శ్రేణికి ఎక్కింది. సెయింట్ జాన్స్‌కు దానితో ఉన్న పాత వైరం అలా ఆగిపోయింది. 2017లో ఆ రెండింటి పోటీ చూడ్డానికి మినియాపోలిస్ బేస్‌బాల్ స్టేడియానికి 37,355 మంది వచ్చారు. మూడో శ్రేణిలో అదే రికార్డు. గెలిచేవాణ్ణి వెళ్లగొట్టడం నాకు నచ్చలేదు. 97 పాయింట్ల దెబ్బ తిన్న కుర్రాళ్ల ముఖాలు తలచుకుంటే, నచ్చలేదని గట్టిగా అనడానికీ నోరు రాలేదు.

ప్రాక్టీసు అయ్యాక ఓ కుర్రాణ్ణి పలకరించాను. బయాలజీ చదువుతున్నాడు. నిరుడంతా మోకాలి గాయంతో కూర్చున్నాడు, ఈసారి రెండో వరసలోనైనా చోటు దొరుకుతుందని ఆశ. స్థానిక పత్రికల్లో ఈ నెలంతా ఇలాంటి వార్తలే: ఆటను నడిపించే క్వార్టర్‌బ్యాక్ ఎవరు, మోకాలు కుదిరిందెవరికి, కొత్తగా చేరిందెందరు. నా పేజీలో ఇలాంటివాటికి రెండు లైన్లు కూడా ఇచ్చేవాణ్ణి కాదేమో. ఇప్పుడైతే అర పేజీ ఇస్తాను.

పిల్లల దగ్గరికి ఆగస్టులో మిన్నెసోటా వెళ్లే తెలుగు తల్లిదండ్రులకు ఒక మాట. మాల్ ఆఫ్ అమెరికా ఎక్కడికీ పోదు. కాలేజీకి ఫోన్ చేసి ప్రాక్టీసు ఎప్పుడో, బయటివాళ్లు చూడొచ్చో లేదో కనుక్కుని వెళ్లండి. నీళ్ల సీసా, టోపీ, దోమల మందు మరిచిపోవద్దు.