గోస్తనీ వెంట భీమిలి చర్చికి

భీమిలి చూడాలనుకునేవాళ్లు ఎక్కువమంది విశాఖ నుంచి బీచ్ రోడ్డు పట్టుకుని వస్తారు. గంటస్తంభం, డచ్చివాళ్ల సమాధులు, సెయింట్ పీటర్స్ చర్చి చూసి, ఇది సముద్రం పెంచిన ఊరు అనుకుని వెళ్లిపోతారు. నా మటుకు నాకు అది సగమే నిజం. సరైన ఓడరేవు కూడా లేని ఈ తీరంలో, దూరంగా లంగరు వేసుకుని మరీ ఓడలు ఆగాయంటే, వెనక కొండల్లో కాసే సరుకు వాటికి అంత కావలసి వచ్చింది. చర్చిని నిలబెట్టిన వర్తకుల ఊరు ఆ సరుకు మీదే బతికింది. అందుకే ఆ చర్చిని చూడడానికి కొండ మీంచి దిగి రావాలంటాను. ఆ దారి చూపించే ఏరు గోస్తనీ.

ఏరు అనంతగిరి కొండల్లో, బొర్రా గుహల దగ్గర మొదలవుతుంది. మేతకొచ్చిన ఆవు ఒకటి గుహ పైకప్పులోని కంతలోంచి లోపలికి పడిపోయిందట. వెతుక్కుంటూ దిగిన కాపరికి శివలింగం కనిపించిందట. లింగం పైన పొదుగు ఆకారంలో వేలాడే రాయి నుంచే ఏరు పుట్టిందని అక్కడివాళ్ల నమ్మకం. గుహలో ఇప్పటికీ పూజ జరుగుతుంది, శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్లన్నీ అక్కడే ఉంటాయి.

సముద్రమట్టానికి ఏడు వందల మీటర్ల ఎత్తున ఉన్న ఈ గుహను తొలిచింది వాననీరే. కురిసిన నీరు గాలిలోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడును కలుపుకుని కొంచెం పులుపెక్కుతుంది. ఆ నీటికి సున్నపురాయి కరుగుతుంది. కరిగినదాంట్లో కొంత గుహ కప్పు నుంచి చుక్కచుక్కగా జారి మళ్లీ రాయిగా పేరుకుంటుంది, మిగిలింది ఏటిలో కలిసి కిందికి పోతుంది. పోయిన ఆ సున్నాన్ని గుర్తుపెట్టుకోండి, సముద్రం ఒడ్డున దాని అవసరం పడుతుంది.

గుహ మీదుగానే కొత్తవలస–కిరండూల్ రైలు వెళ్తుంది. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960ల్లో యాభై ఎనిమిది సొరంగాలు తవ్వి వేసిన దారి అది. కొండ సరుకు తీరానికి దిగడం కొత్త సంగతి కాదు, సరుకే మారింది.

ఇక్కడి రాయి మీద కూడా చాలామంది కన్ను పడింది. బొర్రా చుట్టుపక్కల గిరిజన గ్రామాల్లో ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులిచ్చింది. తరాలుగా దున్నుకుంటున్న నేలలో తవ్వకాలు మొదలయ్యేసరికి గిరిజనుల తరఫున ‘సమత’ అనే సంస్థ కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడినా వెనక్కి తగ్గలేదు. 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: షెడ్యూల్డ్ ప్రాంతంలోని భూమిని గిరిజనేతరులకు బదలాయించకూడదన్న నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుంది, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవు. దేశంలో రాజ్యాంగపు ఐదో షెడ్యూలు గురించి ఎక్కడ మాట్లాడినా సమత తీర్పు పేరు వినిపిస్తుంది. ఆ తగాదా ఈ ఏరు పుట్టేచోటే మొదలైందని గుహ చూడడానికొచ్చే జనంలో ఎంతమందికి తెలుసు? టికెట్ల కిటికీ దగ్గర ఆ సంగతి నాలుగు ముక్కల్లో రాసిపెడితే బాగుండును.

అనంతగిరి, అరకు సంతల్లో ఇప్పుడు కాఫీ గింజ, మిరియం రాజ్యం చేస్తున్నాయి. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దానికంటే పాత సరుకులు కాఫీ వెనక దాక్కున్నట్టు కనిపిస్తాయి: చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు, వలిసెలు, కరక్కాయలు. నవంబరు, డిసెంబరుల్లో అరకు లోయంతా పసుపురంగు పరుచుకుంటుందే, అవి వలిసె పూలు. అందరూ వాటి మధ్య నిలబడి ఫొటోలు తీయించుకుంటారు. వాటి గింజల్నుంచి నూనె తీస్తారు. ఒకప్పుడు ఆ గింజలు భీమిలి నుంచి ఓడలెక్కేవి.

ఇక కరక్కాయ. దగ్గొస్తే బుగ్గన పెట్టుకునే ఈ కాయకు ఇంగ్లండులో ఇంకో పని ఉండేది. అందులో టానిన్ ఎక్కువ, పచ్చి తోలును పదును చేయడానికి బాగా పనికొస్తుంది. తోళ్ల కార్ఖానాల కొనుగోలుదార్లు మన దేశపు కరక్కాయలను రకాలుగా విడదీసి, ఒక్కో రకాన్ని వచ్చిన చోటు పేరుతో పిలిచేవారు. జబల్పూర్లు ఒక రకం, రాజ్‌పూర్లు ఒక రకం, భీమ్లీలు ఒక రకం. కొండదొర, కోదు, బగత గిరిజనులు అడవిలో ఏరి కావిళ్లతో సంతకు తెచ్చిన కాయకు రేవు పేరు పడింది. కొండ పేరు ఎక్కడా మిగల్లేదు. పైకి వెళ్లేటప్పుడు ఎడ్ల మీద ఉప్పు బస్తాలు ఎక్కేవి, దిగేటప్పుడు కొండ సరుకు దిగేది. కొండవాళ్లకు ఉప్పు ప్రాణం, బేరంలో వర్తకుడిది పైచేయి కావడానికి అదొక్కటే చాలు.

గోస్తనీ కిందికి దిగేకొద్దీ పక్కల నుంచి గెడ్డలు వచ్చి కలుస్తాయి. గంట్యాడ మండలంలో తాటిపూడి దగ్గర ఏటికి ఆనకట్ట అడ్డం పడుతుంది. 1963–68 మధ్య కట్టిన ఈ జలాశయం కింద పదిహేను వేల ఎకరాలకు పైగా ఆయకట్టు ఉంది, విశాఖ నగరానికి తాగునీరూ ఇక్కణ్నుంచి వెళ్తుంది. కొండలకు ఆనుకుని నిండుగా నిలిచిన నీటిని చూస్తే ఎవరికైనా మనసు నిండుతుంది. ఆనకట్ట దాటాక ఏరు బాగా చిక్కిపోతుంది. జామి పొలాల పక్కగా వెళ్లేటప్పటికి చాలా నెలలు ఇసుకలో సన్నని పాయే.

పద్మనాభం దగ్గర కాసేపు ఆగాలి. కొండ మీద అనంతపద్మనాభస్వామి, వెయ్యికి పైగా మెట్లు, కార్తీక మాసం చివర ఆ మెట్లన్నిటి మీదా దీపాలు. కొండ కింద నేల వేరే కథ చెబుతుంది. 1794 జూలై 10న ఈస్టిండియా కంపెనీ సేనలకూ విజయనగరం రాజు చిన విజయరామరాజుకూ యుద్ధం జరిగింది ఇక్కడే. పేష్కస్, అంటే కప్పం, బాకీ దగ్గర పెరిగిన వైరం అది. కల్నల్ ప్రెండర్‌గాస్ట్ సేన ముందు రాజు, ఆయన్ను విడిచిపెట్టని సర్దార్లు ప్రాణాలొదిలారు. చిన్నవాడైన కొడుకు నారాయణబాబును కొండ జమీందార్లు తమ అండకు తీసుకున్నారు. మైదానంలో రాజ్యం పోతే తలదాచుకునే చోటు కొండే అయింది. ఈ యుద్ధంతో ఉత్తరాంధ్ర మీద కంపెనీకి ఎదురు లేకుండా పోయింది. భీమిలిలో అప్పటికి డచ్చివాళ్ల జెండానే ఉన్నా, చుట్టూ ఉన్న దేశం ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చేసింది.

తగరపువలస దాటగానే చిట్టివలస, ఏటి ఒడ్డునే జూట్ మిల్లు. ఈ ప్రాంతపు గోగునారకు లోకంలో బిమ్లీపట్నం జూట్ అని పేరు. సైరన్ మోతతో ఊళ్లు పొద్దులు లెక్కపెట్టుకున్న మిల్లు మూతపడింది. దాని మీద బతికిన కుటుంబాలు చెదిరిపోయాయి.

అక్కణ్నుంచి భీమిలి దగ్గరే. గోల్కొండ సుల్తానుల కాలంలో పదిహేడో శతాబ్దంలో వచ్చిన డచ్చివాళ్లు, మధ్యలో కొన్నేళ్లు చేజారినా, 1825 దాకా ఈ రేవును పట్టుకుని ఉన్నారు. వాళ్ల సమాధుల్లో పాతదాని మీద 1661 అని ఉంది. సూదిమొనలా పైకి లేచిన ఆ సమాధులు ఇటుకతో కట్టి గచ్చు చేసినవి. ఇటుక అంటే వాళ్లకు పుట్టింటి వస్తువు. హాలండులో, బాల్టిక్ తీరంలో కట్టడానికి రాయి దొరకదు, ఉన్నదల్లా బంకమన్ను. అందుకే పన్నెండో శతాబ్దంలో ఫ్రాన్సులో రాతితో మొదలైన గోథిక్ పద్ధతి అక్కడికి చేరేసరికి ఇటుక రూపం తొడుక్కుంది. బాల్టిక్ తీరం వైపు లూబెక్ నగరంలోని సెయింట్ మేరీస్ చర్చి కప్పు ముప్పై ఎనిమిది మీటర్ల ఎత్తున ఉంటుంది, అంతా ఇటుకే. గోథిక్ కమాను గుండ్రంగా ఉండక పైన కొసదేరుతుంది, బరువును పక్కలకు తక్కువగా నెట్టి నేలకు దించుతుంది. దానితో గోడలు పల్చనై, పెద్ద కిటికీలకు, రంగుటద్దాలకు చోటు దొరికింది.

భీమిలి సెయింట్ పీటర్స్ చర్చి ఇంగ్లీషువాళ్లది. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు మళ్లీ గోథిక్ మీద మోజుపడిన కాలంలో, రెవరెండ్ జాన్ గ్రిఫిత్స్ పూనికతో 1855లో పని మొదలై 1864లో ప్రతిష్ఠ జరిగింది. అప్పటికి ఊళ్లో మునిసిపాలిటీ కూడా వచ్చేసింది. లూబెక్ ఎత్తులు ఇక్కడ వెతకకూడదు. రేవు వర్తకుల కుటుంబాలు ఆదివారం కూర్చోవడానికి సరిపడే చిన్న గుడి ఇది. శిలువ మీది క్రీస్తు ఉన్న రంగుటద్దం దగ్గర నిలబడి ఎంతసేపైనా చూడొచ్చు.

నాకు అక్కడ రంగుటద్దం కంటే సున్నం మీదే ధ్యాస ఎక్కువ. ఈ తీరంలో పాత ఇళ్లకు, సమాధులకు సున్నం చేసింది గుల్లల్ని కాల్చి. గుల్ల ఎక్కడిది? నదులు కొండల్లోంచి కరిగించి తెచ్చిన సున్నాన్ని సముద్రపు నీటిలోంచి తీసుకుని నత్తలు, ఆల్చిప్పలు తమ ఇళ్లు కట్టుకుంటాయి. ఏ గుల్లలో ఏ కొండ ఉందో ఎవరూ తేల్చలేరు. అయినా బొర్రాలో చుక్కచుక్కగా కరిగేది చివరికి చేరేది ఈ నీళ్లలోకే. ఇటుక కూడా ఏరు తెచ్చి పరిచిన ఒండ్రుమట్టే కదా. పై నుంచి ఏటి వెంట దిగి వచ్చినవాడికి ఈ పాత గోడలు పరాయివిగా కనిపించవు.

1933లో విశాఖ ఓడరేవు తెరుచుకున్నాక భీమిలి వెనకబడిపోయింది. ఇంగ్లీషువాళ్లు వెళ్లిపోయారు. 1947 సెప్టెంబరులో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో ఇక్కడి ఆంగ్లికన్ చర్చిలు కలిశాయి. ఇంగ్లీషు ఆరాధన కోసం కట్టిన ఇలాంటి గుళ్లలో ఇప్పుడు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ వినిపిస్తాయి. ఆ పుస్తకంలో ఎన్నో పాటలు రాసిన పురుషోత్తమ చౌదరి 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టారు, అంటే ఈ తూర్పు కనుమల నీడనే. రాగతాళాల్లో ఒదిగిన ఆ పాటలు కొసదేరిన కమానుల కింద మోగుతుంటే, కట్టడం ఎవరిదైనా గొంతు మాత్రం మనదే అనిపిస్తుంది. అరకు వైపు కొండ ఊళ్లలో చర్చి అంటే ఒక స్లాబు గది, పైన సిమెంటు శిలువ, అంతే. అక్కడా పాటలు తెలుగే.

చర్చి నుంచి గోస్తనీ సముద్రంలో కలిసే మొగ ఎంతో దూరం లేదు. ఎండాకాలంలో వెళ్తే ఇసుకమేట కనిపిస్తుంది, ఏరు అంతగా కనిపించదు. నీళ్లు తాటిపూడి దగ్గరే ఆగిపోయి విశాఖ కుళాయిల్లోకి మళ్లుతాయి. వానలు బాగా పడ్డ ఆశ్వయుజంలో రండి. పొద్దున్నే బొర్రా చూసి, అనంతగిరి ఘాటు దిగి, తాటిపూడి, పద్మనాభం మీదుగా కారులో వస్తే పొద్దు వాలకముందే భీమిలి చేరవచ్చు. చర్చి తాళం వేసి ఉంటే పక్కన అడగండి, మర్యాదగా అడిగితే తీస్తారు. ఆ తర్వాత మొగ దగ్గరికి నడవండి. ఆ నెలలో ఏటి నీరు ఎర్రగా, సముద్రంలోకి చాలా దూరం వరకు విడిగా తెలుస్తుంది.